బ్లోయర్ బావ

పేరు చెప్పను. ప్లేనో, ఫ్రిస్కో, ఆలెన్ మూడూ కలుపుకుంటే ఈ బాపతు మనుషులు నాకు తెలిసే పదిమంది ఉన్నారు. ఒకాయన పేరు రాస్తే తక్కిన తొమ్మండుగురూ "మమ్మల్ని మర్చిపోయావే" అని నిష్ఠూరమాడతారు. మా వీధిలో పిల్లా పెద్దా అందరూ బ్లోయర్ బావ అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. వరసకి ఆయన నాకేమీ కాడు. గోదావరి జిల్లావాడు, నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆ లెక్కన బావ.

బావది తణుకు పక్కన పల్లె. తండ్రి అక్కడ నలభై ఏళ్లు రైసు మిల్లు నడిపాడు. బావ డల్లాస్ వచ్చి, పాత కామ్రీ తోలుకుంటూ, గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి తల నెరిపించుకున్నాడు. 2018లో పని అనుమతి ఇచ్చే ఈఏడీ కార్డు చేతికొచ్చిన వారంలోనే వెళ్లి ఎర్ర ముస్టాంగ్ జీటీ తెచ్చుకున్నాడు. 5 లీటర్ల వీ8 ఇంజను, 460 హార్స్‌పవర్, గేర్లు చేత్తో వేసుకునే రకం. ఫ్రిస్కో హనుమాన్ గుడి దగ్గర వాహన పూజ చేయించాడు. పంతులుగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి "ముందుకి పోనివ్వండి బాబూ" అన్నారు. క్లచ్ మీద కాలు కుదరక బండి మూడుసార్లు ఆగిపోయింది. నాలుగోసారి ఎగిరి దూకితే నిమ్మరసం పంతులుగారి పంచె మీద పడింది. ఆ సాయంత్రమే, ప్రసాదం పులిహోర ఇంకా చేతిలో ఉండగానే, బావ మొదటిసారి ఆ ప్రశ్న వేశాడు.

"దీనికి సూపర్‌చార్జర్ వేద్దామంటావా, స్టాకుగానే ఉంచేద్దామంటావా?"

స్టాకు అంటే కంపెనీ ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఉంచడం. ఇప్పుడు ఎనిమిదో ఏడు నడుస్తోంది. ప్రశ్న అలాగే ఉంది.

అలాగని బావ తేల్చుకోలేని మనిషనుకునేరు. పెళ్లిచూపుల్లో అమ్మాయి కాఫీ ట్రే కింద పెట్టేలోగా సరే అన్న మనిషి. ఇల్లు నలభై నిమిషాల్లో బేరం చేశాడు. తేలనిదల్లా ఇదొక్కటే. ఇమ్మిగ్రేషన్ వాళ్ల ప్రయారిటీ డేటులాగా ఒక నెల రెండడుగులు ముందుకి జరుగుతుంది, పై నెల మూడేళ్లు వెనక్కి పోతుంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి వాళ్ల గరాజు తలుపు సగం ఎత్తి ఉంటుంది. లోపల ప్లాస్టిక్ స్టూలు, స్టీలు గ్లాసులో టీ, పైకెత్తిన బానెట్టు. బానెట్టు లేచి ఉంది కదా, ఏదో మరమ్మతు జరుగుతోందనుకుంటారు కొత్తవాళ్లు. ఏమీ జరగదు. అది దర్శనం. కొత్తిల్లు చూపించేవాళ్లు "ఇక్కడ ఫ్రిజ్జు వస్తుంది" అన్నట్టు, బావ ఇంజను నెత్తిమీద మానిఫోల్డు చూపించి "ఇది తీసేస్తే ఇదిగో, ఇక్కడ కూర్చుంటుంది" అంటాడు. మనం వంగి చూడాలి. చూసి తలాడించాలి.

ఇంకో గుర్తు. సూపర్‌చార్జర్ ఉన్న బండి స్పీడందుకుంటుంటే సన్నగా ఒక కూత వస్తుంది. బావ కారుకి ఆ కూత లేదు. కాబట్టి రెండో గేరులో ఆయనే నోటితో "ఈ…ఈ…" అని కూస్తాడు. వెనక సీట్లో పిల్లలు ఉన్నా మానడు. ఓసారి పక్క సీట్లో నేనుండగా కూశాడు. శ్రుతి తప్పలేదని మాత్రం ఒప్పుకోవాలి.

తండ్రికి ఈ సంగతి ఫోన్లో చెప్పిన రోజున నేను అక్కడే ఉన్నాను.

"ఏంట్రా అబ్బాయ్ అది?"

"గాలిని నొక్కి ఇంజన్లోకి తోసే యంత్రం నాన్నా. మామూలు ఇంజను దానంతటది పీల్చుకుంటుంది. ఇది బలవంతాన కూరుతుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బలం వస్తుంది."

"ఓస్, కొలిమి తిత్తన్నమాట."

బావ మొహం మాడిపోయింది. నిజానికి పెద్దాయన గురి తప్పలేదు. 1860లో ఇండియానాలో రూట్స్ అన్నదమ్ములు పేటెంటు తీసుకున్న బ్లోయరే ఈ జాతికి మూలపురుషుడు. చెరుకురసం మిషన్లో రోలర్లలాగా రెండు రోటర్లు ఎదురెదురుగా తిరుగుతూ గాలిని అవతలికి నెడతాయి. మొదట్లో దాని పని కొలుముల్లోకి గాలి ఊదడమే. కార్లకి అది చాలా తరవాత ఎక్కింది. 1921లో మెర్సిడెస్ వాళ్లు సూపర్‌చార్జర్ పెట్టిన కార్లు బెర్లిన్‌లో ప్రదర్శించారు.

"మరి దాన్ని తిప్పేదెవరు?" అన్నాడు తండ్రి.

"ఇంజనే, బెల్టుతో."

"అంటే ఇంజను బలం కొంత అదే తినేసి, తిన్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటుంది. చీటీలవాడు కూడా అదే అన్నాడు, గుర్తుందా? మన మిల్లులో ఒక్క ఇంజనుకి రెండో హల్లరు తగిలించినప్పుడు ఏమైందో మీ అమ్మనడుగు."

ఆ పూట బావ స్టాకు పక్షం.

బావ భయాల్లో నిజం లేకపోలేదు. ఆ ఇంజనుకి కంప్రెషన్ ఇప్పటికే 12:1. పన్నెండు గ్లాసుల చోటులో ఉన్నదాన్ని ఒక్క గ్లాసులోకి కుక్కుతోందన్నమాట. ఆవకాయ, అరిసెలు కుక్కి, పైన ఇద్దరు కూర్చుంటే గానీ జిప్పు పడని 23 కిలోల సూట్‌కేసు ఎలా ఉంటుందో అలా ఉంది. అందులోకి ఇంకా కూరతానంటాడు ఈయన. నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు మూతి పట్టుకున్నవాడికెవడికైనా తెలుసు. వేడెక్కితే మంట వేళకి ముందే అంటుకుంటుంది. అదే నాకింగు, పిస్టన్ల పాలిట శాపం. కాబట్టి గాలిని చల్లార్చడానికి ఇంటర్‌కూలరు కావాలి, కంప్యూటర్లో లెక్కలన్నీ మార్చి రాయించాలి, 93 ఆక్టేన్ పెట్రోలే పోయించాలి. ఆ పెట్రోలు టెక్సాస్‌లో దొరుకుతుంది కాబట్టి బావకి కొంత గర్వం. ఫ్రీమాంట్‌లో ఉన్న బావమరిదికి కాలిఫోర్నియాలో మామూలు బంకుల్లో 91 దాటదు. పైగా అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు అనుమతి నంబరు లేని కిట్టు బిగిస్తే స్మాగ్ పరీక్షలో తప్పుతాడు. "పాపం" అంటాడు బావ, బిగించేసినవాడిలాగా.

అక్కడితో ఆగుతుందా? కిట్టే ఎనిమిది తొమ్మిది వేల డాలర్లు. బిగింపు కూలి వేరు. బలం ఏడువందలు దాటితే క్లచ్ జారుతుంది, క్లచ్ మార్చాలి. ఆయిల్ పంపు గేర్లు లోహపు పొడిని అచ్చులో నొక్కి కాల్చినవి, ఆ బలానికి విరుగుతాయేమోనని గట్టివి వేయించాలి, దానికి ఇంజను ముందు భాగమంతా విప్పాలి. విప్పాం కదా అని ఇంకేవో. తర్వాత ఇరుసులు. ఆ తర్వాత టైర్లు. వేగం పెరిగింది కాబట్టి బ్రేకులు. ఎలకల నుంచి గోచీని కాపాడుకోవడానికి పిల్లిని పెంచి, పిల్లి పాలకి ఆవుని కొని, చివరికి సంసారంలో పడ్డ సన్న్యాసి కథ ఇదే. తేడా ఏమిటంటే బావ ఇంకా గోచీ దగ్గరే ఉన్నాడు, ఆవు రేటు మాత్రం కనుక్కుని పెట్టుకున్నాడు.

వారంటీ విషయంలో ఆయన తర్కం వింటే మీకు ముచ్చటేస్తుంది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ కంపెనీ వారంటీ 5 ఏళ్లు, లేదా 60 వేల మైళ్లు. మొదటి ఐదేళ్లూ బావ మాట ఒకటే: "వారంటీ ఉందిగా, పాడుచేసుకోవడం ఎందుకు? అవనీ." బయట కొన్న సామాను బిగించినంత మాత్రాన వారంటీ మొత్తం కొట్టేయడానికి వీల్లేదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉందని ఆయనకి తెలుసు. సంధ్యావందనంలా అప్పజెబుతాడు కూడా. "కానీ ఆ సామాను వల్లే చెడిందని వాళ్లు చూపిస్తే?" అని తనకి తనే అడ్డు ప్రశ్న వేసుకుంటాడు. 2023లో వారంటీ అయిపోయింది. నేను స్వీటు డబ్బా పట్టుకుని వెళ్లాను. బావ దిగులుగా ఉన్నాడు. "ఇప్పుడెలా వేస్తాం? ఏదైనా అయితే చూసేవాడెవడు? వారంటీ లేదుగా!"

సలహా అడగని మనిషి లేడు. ఓ ఆదివారం సత్యనారాయణ వ్రతంలో పక్కన కూర్చున్న పెద్దమనిషి చెవిలో "స్టాకుగా ఉంచెయ్యమంటారా?" అని గొణిగాడు. ఆయన కళ్లు మూసుకుని కథ వింటూనే "ఉంచండి. క్వార్టర్లీ రిజల్ట్స్ దాకా ఆగి సగం అమ్మండి" అన్నాడు. సగం ముస్టాంగ్ ఎలా అమ్మాలా అని బావ ఆ కథంతా ఆలోచించాడు. తీర్థం తీసుకునేటప్పుడు గానీ తెలియలేదు, ఆయన చెప్పింది కంపెనీ షేర్ల సంగతని.

చరిత్ర కూడా బావకి సాయం చెయ్యలేదు. ఆయనకి బాగా ఇష్టమైన పురాణం బ్లోయర్ బెంట్లీది. ఇంగ్లండులో టిమ్ బిర్కిన్ అనే రేసరు ఉండేవాడు. నాలుగున్నర లీటర్ల బెంట్లీకి సూపర్‌చార్జర్ పెడదామన్నాడు. ఆ ఇంజను కన్నతండ్రి డబ్ల్యూ.ఓ. బెంట్లీ ససేమిరా అన్నాడు. బలం కావాలంటే పెద్ద ఇంజను కట్టుకోవాలి గానీ, చిన్నదాని నోట్లో గాలి కుక్కడమేమిటని ఆయన పట్టు. బిర్కిన్ ఆగలేదు. డొరొతీ పాజెట్ అనే శ్రీమంతురాలు డబ్బు పెట్టింది. రేడియేటరు ముందు దూలంలా వేలాడే బ్లోయరు తగిలించారు. 1930లో లె మాన్స్ రేసులో బ్లోయర్లు రెండూ మధ్యలోనే చతికిలపడ్డాయి. గెలిచింది బ్లోయరు లేని స్పీడ్ సిక్స్ బెంట్లీ. రెండోది కూడా స్పీడ్ సిక్సే.

"చూశావా, స్టాకే గెలిచింది" అంటాడు బావ ఇక్కడిదాకా వచ్చి. ఒక గుక్క టీ తాగి, "కానీ ఆ గెలిచినదాని పేరు ఎవడికైనా గుర్తుందా? ఇయాన్ ఫ్లెమింగ్ తన జేమ్స్ బాండుకి ఇచ్చింది బ్లోయర్ బెంట్లీనే. బిర్కిన్ ఒంటి సీటు బండి 2012లో 50 లక్షల పౌండ్ల పైన పలికింది" అంటాడు. ఒకే కథ, రెండు తీర్పులు. మన పంచాయితీ పెద్దలు కూడా ఇంత సమానంగా తూచలేరు.

ఇంతకీ ఉన్న 460 గుర్రాలతో ఏం చేస్తున్నాడు అంటారా? ఆస్టిన్ దాటాక సెగ్విన్ వైపు 130 నంబరు టోల్ రోడ్డుంది. అక్కడ వేగపరిమితి గంటకి 85 మైళ్లు. అమెరికా మొత్తంలో అంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. ఆ రోడ్డు మీద తోలడానికని బావ పనిగట్టుకుని వెళ్లాడు. తోలింది 78లో. ఆ మాత్రానికి ఈ ఇంజను బలంలో దాదాపు పదోవంతు చాలు. ఇక ఊళ్లో సంగతి బావ భార్య, అదే మా అక్కయ్య, చెబుతుంది: "ఈయన కాస్ట్‌కోకి ముందు బయల్దేరారు. నేను వెనకాల సియెన్నాలో పిల్లలతో బయల్దేరాను. టోల్‌వే మీద ఎర్ర కారు ఒకటి అడ్డంగా మెల్లగా పోతుంటే దాటేశాను. దాటాక చూస్తే ఈయనే." సియెన్నా మినీవ్యాను, హైబ్రిడ్, 245 హార్స్‌పవర్. అందులో ఆ రోజు ఒక సైకిలు, ఇద్దరు పిల్లలు, పాతిక కిలోల సోనా మసూరి కూడా ఉన్నాయి.

మూడేళ్ల కిందట ఒకసారి నిజంగానే బిగించే షాపుదాకా వెళ్లాడు. నన్ను సాక్షిగా తీసుకెళ్లాడు. గడ్డం పెంచిన టెక్సాస్ మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒకే ప్రశ్న అడిగాడు: ఈ కారుతో ఏం చేస్తుంటారు? డ్రాగ్ రేసులా, ట్రాకు మీద తిప్పడమా, రోజూ ఆఫీసుకా? బావ చాలాసేపు ఆలోచించాడు. కారుని ఒకసారి చూశాడు, నన్ను చూశాడు. "చూసుకుంటుంటాను" అన్నాడు. మెకానిక్కు నవ్వలేదు. అలాంటి జవాబు ఆ షాపులో మొదటిసారి వింటున్నట్టు కూడా లేడు. కాఫీ ఇచ్చి పంపించాడు.

పోయిన మార్చిలో బావ యాభయ్యో పుట్టినరోజు. అక్కయ్య గరాజులో పెద్ద అట్టపెట్టె పెట్టించింది. మీద రిబ్బను. "ఎనిమిదేళ్ల నుంచి బ్లోయరు బ్లోయరు అని కలవరిస్తున్నారు కదండీ. పోనీలే అని నేనే ఆర్డరిచ్చేశాను" అంది. బావ గొంతు పూడుకుపోయింది. టేపు కొయ్యడానికి చెయ్యి వణికింది. నన్ను పిలిచి "పట్టుకోవోయ్, బరువుంటుంది" అన్నాడు. బరువు లేదు. లోపల నారింజరంగు, బ్యాటరీతో నడిచేది, చెట్ల ఆకులు ఊదేది. మా వైపు లైవ్ ఓక్ చెట్లు మార్చిలోనే ఆకులు రాలుస్తాయి కాబట్టి అక్కయ్య ఎంపికలో తప్పేమీ లేదు.

బావ తిరిగిచ్చెయ్యలేదు. ఆ సాయంత్రం దాన్ని పట్టుకుని వాకిలంతా ఊదాడు, ఆ తర్వాత మా వాకిలి కూడా. సన్నగా "ఈ…ఈ…" అని కూత. ఈసారి నోటితో కాదు. ముస్టాంగ్ పక్కనే నిలబడి చూసుకుని, "శ్రుతి కుదిరింది కదూ" అన్నాడు.

నన్నడిగితే స్టాకే. కానీ బావ అడిగితే చెప్పను, మీరూ చెప్పకండి. శనివారం పొద్దున అటు వెళ్తే ఆయన తప్పకుండా అడుగుతాడు. వేసెయ్యండనొద్దు, వద్దనొద్దు. "బెల్టుకి ఆరు గాళ్లు చాలా బావగారూ, ఎనిమిది కావాలా?" అని అడగండి. రెండో గ్లాసు టీ వస్తుంది. అల్లం వేసి పెడతాడు, బాగుంటుంది.