నేను మోసుకొచ్చిన పేర్లు

తెనాలిలో ఒక తెలుగు మాస్టారి కంప్యూటర్లో పుట్టాను. నా పేరు కాంటాక్ట్స్ డాట్ సీఎస్‌వీ. నాలో 412 వరుసలు, వరుసకొక మనిషి: పేరు, ఈమెయిల్, ఫోను, చిరునామా. అందరూ ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళే. బడివాళ్ళు ఇచ్చిన మెయిల్ నెలాఖరుకు మూతపడుతుందని కబురొచ్చింది. సెలవులకు వచ్చిన మనవరాలు ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే నేను బయటికొచ్చాను.

నా ఒళ్ళంతా వట్టి అక్షరాలు. గడికీ గడికీ మధ్య కామా, మనిషికీ మనిషికీ మధ్య కొత్త పంక్తి. ‘కొత్తపేట, తెనాలి’ అని చిరునామాలోనే కామా ఉంటే ఆ ముక్కకు అటూ ఇటూ జంట కొటేషన్లు పెట్టాలి, లేకపోతే తెనాలి పక్క గడిలోకి జారిపోతుంది. ఈ పద్ధతిని 2005లో ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రంలో రాసిపెట్టారు. అప్పటికే మావాళ్ళు కొన్ని దశాబ్దాలుగా తిరుగుతున్నారు. ఫొటోలు నాలో పట్టవు. ఆపిల్, ఐబీఎం వంటి సంస్థలు కలిసి 1990లలో తెచ్చిన వీకార్డ్‌లో అయితే ఫొటో కూడా అక్షరాలుగా మారి ఇముడుతుంది. కానీ కొత్త మెయిల్ నన్ను తప్ప మరోదాన్ని తీసుకోనంది.

ఒక్క సంగతి మాత్రం నాలో ఎక్కడా రాసి ఉండదు: నన్ను ఏ లిపి పట్టికతో చదవాలన్నది. యూటీఎఫ్-8 అనే పట్టికలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు. రామారావు అంటే నాలుగు హల్లులు, మూడు దీర్ఘాలు, ఒక కొమ్ము; ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. పాత పట్టికతో చదివితే ర ఒక్కటే మూడు ముక్కలవుతుంది: నెత్తిన వాలుగీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, పక్కన రెండు డిగ్రీ సున్నాలు.

ఆ పిల్ల నన్ను స్ప్రెడ్‌షీట్‌లో తెరవగానే కనబడింది అదే. భయపడి మూసేసింది. అప్పటికి నాకేమీ కాలేదు. తప్పు చదివారంతే, బైట్లన్నీ నాలో భద్రంగా ఉన్నాయి. మళ్ళీ తెరిచి యూటీఎఫ్-8 అని చెప్పింది. 412 పేర్లూ తెలుగులో నిలబడ్డాయి. ఎవరిదో ఊరు దిద్ది ‘సేవ్’ నొక్కింది. నేను పోయింది అక్కడే. ఏ రకంగా దాచాలో ఎంచుకునే జాబితాలో యూటీఎఫ్-8 రకం కూడా ఉంది. ఆమె ఎంచినది తెలుగు తెలియని పాత పట్టిక. తనకు తెలియని ప్రతి గుర్తు చోటా అది ఒక ప్రశ్నార్థకం పెట్టింది. ఫోన్లనేమో స్ప్రెడ్‌షీట్ లెక్కల సంఖ్యలనుకుంది. 08644తో మొదలయ్యే తెనాలి నంబర్లకు ముందున్న సున్నా ఊడింది. 91తో మొదలయ్యే పన్నెండంకెల నంబర్లను పదుల ఘాతాల్లో కుదించేసరికి చివరి ఆరంకెలూ రాలిపోయాయి.

కొత్త మెయిల్‌లోకి 412 వచ్చాయని లెక్క చూసుకుని ఆ పిల్ల హైదరాబాదు వెళ్ళిపోయింది. దసరాకు మళ్ళీ వచ్చేదాకా మాస్టారు ఆ జాబితా తెరవలేదు. అప్పటికి పాత మెయిల్ లేదు.

“తాతయ్యా, పేర్లన్నీ నేనే పోగొట్టాను” అని ఆమె ఏడ్చింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని నా వరుసలు చాలాసేపు చూశారు.

“ఈమెయిళ్ళు ఉన్నాయి కదమ్మా. అక్షరానికొక ప్రశ్న పెట్టిందా ఇది?”

“అక్షరానికి కాదు తాతయ్యా. గుణింతం గుర్తుకు విడిగా ఒకటి. ఒత్తు ఉంటే పొల్లుకొకటి, ఆ హల్లుకొకటి.”

ముప్ఫయ్యేళ్ళు గుణింతాలు దిద్దించిన మనిషాయన. తెల్లకాగితం తీసుకున్నారు. పది గుర్తులూ, ‘ఎస్’తో మొదలయ్యే మెయిలూ ఉన్న వరుస దగ్గర వేళ్ళు మడిచారు: స, కొమ్ము, బ, పొల్లు, బ, దీర్ఘం, ర, దీర్ఘం, వ, కొమ్ము. “సుబ్బారావు. మూడో బెంచీ.” ఎనిమిది గుర్తుల వరుసలు చాలా ఉన్నాయి, రామారావుకూ ఎనిమిదే, వెంకటేశానికీ ఎనిమిదే. మెయిల్ మొదటి అక్షరం చూసి తేల్చారు. ఇంటిపేరుకూ పేరుకూ మధ్య ఖాళీ చెక్కుచెదరలేదు, అది బాగా పనికొచ్చింది. పద్నాలుగు గుర్తుల పేరు సీతామహాలక్ష్మి అని నన్ను చూడకుండానే చెప్పారు. ఆమె ఒక్కో పేరే కొత్త ఫైల్లో తెలుగులో కొట్టి, ఈసారి యూటీఎఫ్-8లో దాచి, మూసి తెరిచి చూసుకుంది. నాలుగు రాత్రులు ఇదే పని. ఇన్నాళ్ళకు ఒక మనిషి నన్ను గుర్తు గుర్తుగా చదవడం నాకు గొప్ప సంగతి.

ఒక్క వరుస మిగిలింది. అయిదు గుర్తులు. మెయిల్‌లో ఒక పువ్వు పేరూ రెండంకెలూ తప్ప ఏమీ లేవు. “భారతి అయినా అయిదే, పద్మజ అయినా అయిదే” అన్నారు మాస్టారు. ఇద్దరూ గుర్తున్నారు ఆయనకు. చివరికి మనవరాలి చేత ఆ చిరునామాకు రాయించారు: “అమ్మాయ్, నేను మీ తెలుగు మాస్టార్ని. నీ పేరు తెలుగులో రాసి పంపు.”

ఆ ఉత్తరం వెళ్ళి మూడు రోజులైంది. నేను డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోనే ఉన్నాను, ఇంకా తేలని అయిదు ప్రశ్నార్థకాలతో.