కరెంటు వచ్చాక కంప్యూటర్‌ను తొందరపెట్టకండి: వినకూడని ఐదు సలహాలు

యాసంగి కోతల రోజుల్లో రుద్రూర్, వర్ని, బోధన్ వైపు గాలిదుమారం లేచిందంటే ముందు పోయేది కరెంటే. వడ్ల తూకాల వివరాలు, విద్యార్థుల దరఖాస్తులు, రుద్రూర్‌లోని చెరుకు, వరి పరిశోధన కేంద్రం లాంటి చోట్ల ఏళ్ల తరబడి కూడిన లెక్కలు అన్నీ ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. కరెంటు తిరిగొచ్చాక యంత్రం నత్తనడక నడుస్తుంటే పక్కనున్నవాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో చాలావరకు డేటాను ముంచేవే.

ముందు జరిగేదేమిటో తెలుసుకోండి. షావుకారు రోజు లెక్కను మొదట చిట్టాలో రాసి, తర్వాత ఆవర్జాకు ఎక్కించినట్టే ఫైల్ సిస్టమ్ కూడా చేయబోయే మార్పును మొదట జర్నల్‌లో రాసుకుంటుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఈ ఏర్పాటు 1993 నుంచి ఉంది. లినక్స్‌లోకి ఈఎక్స్‌టీ3 2001లో ఇదే ఏర్పాటుతో వచ్చింది. కరెంటు పోయి వచ్చాక ఫైల్ సిస్టమ్ ఆ జర్నల్ చదివి, పూర్తిగా నమోదైన మార్పులను అమలు చేస్తుంది, అరకొరగా ఆగినవాటిని రద్దు చేస్తుంది.

1. “మెల్లగా ఉంటే పవర్ బటన్ నొక్కి ఆపెయ్.”
జర్నల్ చదవడం మామూలుగా సెకన్లలో అయిపోతుంది. గంటలు పట్టేది డిస్కు మొత్తాన్ని తనిఖీ చేసి సరిచేసే చెక్‌డిస్క్, ఎఫ్‌ఎస్‌సీకే లాంటి పని. ఆ మరమ్మతు నడుస్తుండగా ఆపితే ఉన్న ఫోల్డర్లు కూడా చెదిరిపోవచ్చు. శాతం అంకె కదలకపోయినా డిస్కు లైటు మిణుకుతుంటే ఆగండి.

2. “రాతకు పెట్టిన పరిమితి తీసెయ్, వేగం వస్తుంది.”
జర్నల్‌కు ఉన్న చోటు కొంతే. అది నిండితే పాత మార్పులు డిస్కులో తమ చోటికి చేరేదాకా కొత్తవి ఆగాలి. అలాగే డిస్కుకు చేరని డేటా మెమరీలో ఒక హద్దు దాటి పేరుకుపోతే లినక్స్ రాసే ప్రోగ్రామ్‌నే కాసేపు నిలబెడుతుంది. ఈ హద్దు మామూలుగా అందుబాటులో ఉన్న మెమరీలో 20 శాతం. దాన్ని పెంచితే స్క్రీన్ మీద వేగం కనిపిస్తుంది గానీ, మళ్లీ కరెంటు పోయినప్పుడు నష్టపోయే డేటా కూడా పెరుగుతుంది.

3. “క్యాష్ ఫ్లషింగ్ ఆపెయ్.”
డిస్కు తన సొంత తాత్కాలిక మెమరీ అయిన క్యాష్‌లోని రాతలను వరస మార్చి రాయగలదు. ముందు జర్నల్, తర్వాత అసలు మార్పు అనే వరసను కాపాడేది, క్యాష్‌లోనివి డిస్కులోకి పంపే ఫ్లషింగే. అది ఆగితే జర్నల్‌ను నమ్మలేం. కరెంటు పోయినా క్యాష్‌ను నిలిపే బ్యాటరీ ఏర్పాటు ఉన్న సర్వర్లకు తప్ప ఈ మార్పు ఎవరికీ తగదు.

4. “జర్నల్ చెడిపోయింది, తుడిచెయ్.”
తుడిస్తే కంప్యూటర్ లేవొచ్చు. కానీ చివరి మార్పులు పోతాయి, మిగిలినవీ తారుమారు కావచ్చు. ముందు డిస్కు మొత్తాన్ని మరో డిస్కుకు నకలు తీయించి, మరమ్మతు ఆ నకలు మీదే చేయించండి.

5. “జర్నల్ ఉందిగా, బ్యాకప్ ఎందుకు?”
ఈఎక్స్‌టీ4, ఎన్‌టీఎఫ్‌ఎస్ మామూలుగా జర్నల్‌లో రాసేది ఫైళ్ల పేర్లు, చోటు, పరిమాణం లాంటి వివరాలే. ఫైల్‌లోని అంకెలకు అది పూచీ కాదు. ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లకైతే జర్నలే లేదు.

చేయాల్సింది తక్కువే. పది నిమిషాలు నిలిచే యూపీఎస్ పెట్టుకుని, కరెంటు పోగానే పని సేవ్ చేసి పద్ధతిగా షట్‌డౌన్ చేయండి. తిరిగి లేచాక అన్ని ప్రోగ్రాములూ ఒకేసారి తెరవకుండా డిస్కు కుదుటపడనివ్వండి. రోజూ సాయంత్రం ఇంకో చోటికి బ్యాకప్ తీయండి. కరెంటు పోకపోయినా మెల్లగానే ఉంటే డిస్కు పాడవుతోందేమో చూపించండి. తూకం వివరాలు పోతే డబ్బు కోసం తిరగాల్సింది రైతు. ఆయన తిప్పలతో పోలిస్తే మనం ఆగే సమయం ఎక్కువేమీ కాదు.