వెలలేని మైనంబు: ఒక సెల్లార్ చాటువుకు టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యం మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, నీళ్ల మోటారు పక్క గోడ మీద, సుద్దముక్కతో రాసి ఉన్నది. కర్త తెలియదు. మైనం కొన్నవాడే ఆవేదనతో రాసుకున్నాడని కొందరు, పక్క పార్కింగువాడు ఓర్వలేక రాశాడని కొందరు. రెండో మతమే బలంగా కనిపిస్తున్నది. ఓర్వలేనితనం కవికి దోషమని ఏ లాక్షణికుడూ చెప్పలేదు గనుక వ్యాఖ్యానానికి పూనుకుంటున్నాం.

మూలం

వేలు పోసి కొన్న వెలలేని మైనంబు
కారు మేనఁ బూయఁ గాంతి హెచ్చె
చిన్న వాన పడిన చిత్రమై ముత్యాలు
దుమ్ము గుడ్డ తగుల దోచె సొమ్ము

ప్రతిపదార్థం

వేలు = సహస్రముల కొలది రూపాయలను; పోసి = తిరిగి రాని విధముగా వెచ్చించి; కొన్న = క్రయము చేసిన; వెలలేని = ఇంతయని చెప్పనలవి కాని మూల్యము గల; మైనంబు = కార్నూబా యను మైనమును; కారు మేనన్ = కారు యొక్క దేహమునందు, విశేషించి బానెట్టునందు; పూయన్ = పూయగా; కాంతి = మెరుపు; హెచ్చెన్ = అధికమాయెను (అని యజమానికి తోచెను); చిన్న వాన పడినన్ = రోడ్లు మునగనంతటి వర్షము కురియగా; చిత్రమై = ఆశ్చర్యకరమై; ముత్యాలు = ముత్యముల వంటి నీటిబొట్లు (వెలసెను అని శేషము); దుమ్ము గుడ్డ = అంతకుముందు తొమ్మిది కార్లు తుడిచి వచ్చిన గుడ్డ; తగులన్ = తగులగా; సొమ్మున్ = పైన చెప్పిన వేలను; దోచెన్ = అపహరించెను.

తాత్పర్యం

ఖరీదైన మైనం పూసిన కారు వానలో ముచ్చటగా ఉన్నది. మర్నాడు పొద్దున తుడిచారు.

విశేషాలు

“మైనంబు”. ఇది తేనెతుట్టె మైనం కాదు. ఈశాన్య బ్రెజిల్‌లో పియావీ, సియరా, రియో గ్రాండే దో నోర్తే రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పట్టే పూత. శాస్త్రనామం కోపర్నీషియా ప్రూనిఫెరా. అక్కడి ఎండలకు తన తడి ఆవిరై పోకుండా చెట్టు తనకు తానే పూసుకుంటుంది. ఎండాకాలంలో ఆకులు కోసి, ఆరబెట్టి, దులిపి, రాలిన పొడిని కరిగించి వడకడతారు. విచ్చుకోని లేతాకు నుంచి వచ్చేది లేతపసుపు, మేలురకం. ముదురాకు నుంచి వచ్చేది గోధుమరంగు, తక్కువరకం. ఈ పదార్థమే చాక్లెట్ గోలీలకూ, మాత్రలకూ, బూటు పాలిష్‌కూ నిగనిగ ఇస్తుంది. కొన్ని మిఠాయి పొట్లాల మీద ఈ 903 అని చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే. కాబట్టి కారుకు పూసిన ద్రవ్యాన్ని పిల్లవాడు ఎప్పుడో తినే ఉంటాడు, యజమానికే తెలియదు.

“వెలలేని”. ఇక్కడ శ్లేష ఉన్నది. వెలకట్టలేనిదని ఒక అర్థం, వెల చేయనిదని మరొకటి. కవి రెండూ ఉద్దేశించాడా అంటే, ఓర్వలేనివాడే అయితే తప్పక ఉద్దేశించాడు. మన దగ్గర మామూలు మైనం డబ్బా కొన్ని వందల్లో వస్తుంది. జైమోల్, స్విస్‌వాక్స్ వంటి విదేశీ బ్రాండ్లలో మాత్రం వేల డాలర్లు పలికిన డబ్బాలున్నాయి. ఖాళీ అయితే జీవితాంతం ఉచితంగా నింపి ఇస్తామన్న హామీ కూడా ఉన్నది. జీవితం ఎవరిదన్న విషయంలో వ్యాఖ్యాతలు మౌనం వహించారు.

మరి రెండు డబ్బాల నడుమ భేదమేమి? కార్నూబా శాతమని అమ్మేవాడి సమాధానం. స్వచ్ఛమైన కార్నూబా రాయిలాంటిది, గోటితో నొక్కితే దిగదు, సుత్తితో కొడితే పెళుసుగా పగులుతుంది. ద్రావకమో, నూనెో, మెత్తటి వేరే మైనమో కలపకపోతే బానెట్టు మీద పరుచుకోదు. కలిపేకొద్దీ శాతం తగ్గుతుంది. అందుకే కొందరు తయారీదారులు బరువు లెక్క వదిలి ఘనపరిమాణం లెక్కలో శాతం వేసి అంకె పెంచుకుంటారు. ఇది గణితంలో తప్పు కాదు, అలంకారశాస్త్రంలో దీన్ని అతిశయోక్తి అంటారు. ఇక ఖరీదైన డబ్బాలో అదనంగా ఉండేవి కొబ్బరి నూనె, అరటిపండు వాసన. కొబ్బరి, అరటి! పెద్దమ్మ గుడి ముందు కొత్త కారుకు పూజ చేయించి, బానెట్టు మీద పసుపు కుంకుమలతో స్వస్తికం వేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించిన మనకు ఈ సామగ్రి కొత్తదేమీ కాదు. అక్కడ దక్షిణతో పని జరిగేది.

“వేలు”. దీనికి చేతివేలు అని అర్థం చెప్పి, “వేళ్లతో తీసి పూసిన” అని అన్వయించిన ప్రాచీన వ్యాఖ్య ఒకటి మూడో అంతస్తులో ప్రచారంలో ఉన్నది. వ్యాకరణం ఒప్పదు, అనుభవం ఒప్పుతుంది. ఖరీదైన మైనాన్ని స్పాంజితో ముట్టరాదు, అరచేతుల వెచ్చదనానికి కరిగించి చేత్తోనే పూయాలని దాని ఉపాసకులు చెబుతారు. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగగట్టి, కారు వీపు రాస్తూ ఒక గంట గడిపే మనిషి నిజంగా సుఖపడుతున్నాడు. అతడు కొన్నది ఆ గంటను. అలా చూస్తే ధర న్యాయమే. డబ్బా కొని, పూయడానికి ఇంకొకరిని పెట్టేవాడి సంగతే అర్థం కాదు.

“కాంతి హెచ్చె”. ఇక్కడే అసలు వివాదం. కారు రంగు మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు సుమారు 40, 50 మైక్రాన్ల మందం. దాని మీద మైనం పొర ఒక మైక్రాను కూడా నిండదు. వెలుగు ఆ పైతలం నుంచే తిరిగి కంటికి రావాలి. తలం నున్నగా ఉంటే అద్దం, సన్నటి గీతలుంటే వెలుగు చెదిరి బూడిదరంగు మసక. ఎండలో నల్ల కారు మీద సాలెగూడులా వలయాలు కనబడతాయే, అవే ఆ గీతలు. మైనంలోని నూనెలు వాటిని కొన్నాళ్లు కప్పగలవు, తీసివేయలేవు. తీయాలంటే క్లే బారుతో పట్టిన మురికిని లాగి, పాలిష్‌తో క్లియర్ కోటును పిసరంత అరగదీయాలి. ఆ పని శ్రద్ధగా చేసిన కారు మీద వందల డబ్బా పూసినా, వేల డబ్బా పూసినా, పక్కపక్కన నిలబెడితే కనుక్కునే కన్ను మాకు తారసపడలేదు. ఎవరి కారును వారు కనుక్కుంటారు, అది వేరు.

“చిన్న వాన పడిన చిత్రమై ముత్యాలు”. ఇది కవిసమయం. తామరాకు మీద నీటిబొట్టు గురించి మన కవులు చెప్పినన్ని మాటలు ఏ దేశపు కవులూ చెప్పి ఉండరు. ఆ ఆకు మీద ఉన్నదీ మైనమే, అయితే కంటికి ఆనని బొడిపెల మీద పరుచుకున్న మైనం. బొట్టు తలంతో చేసే కోణం 90 డిగ్రీలు దాటితే గుండ్రంగా నిలుస్తుంది. తామరాకు మీద 150 దాటుతుంది. కారు మైనం మీద నూరుకు కాస్త అటూ ఇటూ. ముత్యాలు చౌక మైనం మీదా కడతాయి. అవి వానచుక్కలైతే అందం. బోరు నీళ్లైతే, ఎండకు ఆరి, ముత్యం ఉన్న చోట సున్నపు వలయం మిగులుతుంది. హైదరాబాదులో బోరు నీళ్లతో కారు కడిగి ఎండలో వదిలినవారికి ఈ పాదం కరుణరసంలో వినిపిస్తుంది.

ఎన్నాళ్లుంటుందని అడుగుదురేమో. స్వచ్ఛమైన కార్నూబా కరిగేది 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర. నూనెలు కలిసిన డబ్బా సరుకు అంతకంటే ముందే మెత్తబడుతుంది. డబ్బా మీద రాసిన నెలలు స్విట్జర్లాండ్ నెలలు. రోహిణీకార్తెలో విజయవాడ బందరు రోడ్డు మీద నిలిపిన నల్ల కారుకు ఆ పంచాంగం వర్తించదు.

పూర్వపక్షం

“మైనం పాతకాలపు మాట, సిరామిక్ కోటింగ్ వేయించండి సార్” అని షాపు అబ్బాయి వాదం. ఇది బలమైన పూర్వపక్షమే. సిలికా ఆధారంగా గట్టిపడే ఆ పొర మైనం కంటే చాలాకాలం నిలుస్తుంది, పక్షి రెట్టను కడిగేదాకా ఓర్చుకుంటుంది. ఒప్పుకుంటాం. అయితే వెంటనే “9హెచ్ కాఠిన్యం, వజ్రం పది సార్, ఇది తొమ్మిది” అంటాడు చూడండి, అక్కడే తడిగుడ్డతో గొంతు కోయడం మొదలవుతుంది. వజ్రానికి పది ఇచ్చేది ఖనిజాలను కొలిచే మోస్ కొలమానం. 9హెచ్ అన్నది పెన్సిల్ గీత పరీక్ష. పెన్సిలు గీయలేకపోయినంత మాత్రాన ఇసుక గీయదని కాదు, మన రోడ్ల మీద ఎగిరేది పెన్సిళ్లూ కాదు.

“దోచె సొమ్ము”. దోచినది ఎవరు? క్రియ ఉన్నది, కర్త స్పష్టంగా లేదు. గుడ్డ అని ఒక మతం, షాపు అని ఒక మతం, యజమాని తనను తానే దోచుకున్నాడని అద్వైతుల మతం. మేము మొదటి మతాన్ని అంగీకరిస్తూనే గుడ్డ పట్టినవాణ్ణి విడిపిస్తున్నాం. నెలకు ఐదారు వందలకు, ఎనిమిది గంటల లోపు, ఒకే బకెట్టు నీళ్లతో పది కార్లు తుడవమని అతడికి చెప్పింది యజమానులే. నాలుగో కారుకే ఆ నీళ్లు మెట్రో పని జరిగే వీధి రంగుకు వస్తాయి. ఇసుకరేణువులు గుడ్డ పోగుల్లో ఇరుక్కుని, తర్వాత వచ్చే ప్రతి కారు మీదా రోజూ గీతలు గీస్తాయి. మైనానికి వేలు పోసినవాడు రెండో బకెట్టుకు, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలకు మూడు వందలు అడిగితే మెయింటెనెన్స్ మీటింగులో లేచి నిలబడతాడు. మేము చూశాం.

పాఠాంతరం

నాలుగో పాదానికి “తడిగుడ్డ తగుల” అని బి బ్లాకు గోడ మీద ఒక పాఠం ఉన్నది. ముందు నీళ్లు ధారాళంగా పోసి, దుమ్ము జారిపోయాక శుభ్రమైన తడిగుడ్డతో అద్దాలని బి బ్లాకువారి అన్వయం. ఈ పాఠంతో మొదటి గణం చెడుతుంది, యతి చెడుతుంది, పద్యం ఆటవెలది కాకుండా పోతుంది. కార్లు మాత్రం అక్కడివే కాస్త మెరుస్తున్నాయి.