మేకలు ముట్టని చెట్టు

నేను సిమెంటు తొట్టిని. కట్టంగూర్‌లో బావి వరలు పోసేచోట మిగిలిన మాలుతో నన్ను పోశారు. హైవే పక్కన ఓ ఇంటి గేటు ముందు కూర్చున్నాను.

మొదట నాలో ఎర్రగన్నేరు నాటారు. ముసలమ్మ మురిసిపోయింది: "మంచి చెట్టు బిడ్డా, మేకలు గూడ ముట్టయ్." ఎందుకు ముట్టవో ఎవరూ అడగలేదు. ఆకు, పువ్వు, కొమ్మ, ఎండిన పుల్ల, అన్నీ విషమే. గుండె లయనే తప్పిస్తుంది. పచ్చగన్నేరు పప్పు సంగతి మన పల్లెలకు చెప్పనక్కర్లేదు. మేకకు చేదు తెలుసు. పళ్లొస్తున్న కుక్కపిల్లకు చెప్పూ ఒకటే, కొమ్మా ఒకటే.

స్లాబు ఇల్లు లేచాక గన్నేరు పోయింది, నర్సరీ మొక్కలొచ్చాయి. డైఫెన్‌బేకియా కొరికితే నోరు మండి చొంగ కారుతుంది. సైకస్ అలా కాదు, కాలేయాన్నే దెబ్బతీస్తుంది. దాని గింజలు మరీ ప్రమాదం. అందంగా పూసే అడీనియం గన్నేరుకు చుట్టమే. అమ్మేవాళ్లు నీళ్లెన్ని పోయాలో చెబుతారు గానీ ఈ మాట చెప్పరు.

అయినా ఇంటి కుక్క టైగర్‌ను పడగొట్టింది మొక్క కాదు, నా మట్టి. నల్గొండ, పాలమూరు చెలకల్లో ఆముదం పాత పంట. నూనె తీయగా మిగిలిన చెక్కను ఎరువుగా వేస్తారు, నాలోనూ వేశారు. గింజలోని రిసిన్ అనే విషం నూనెలోకి రాదు, చెక్కలోనే ఉండిపోతుంది. వేడిచేసి విషం విరిచిన చెక్కయితే సరే, కాకపోతే ముప్పే. పైగా ఆ వాసన కుక్కలకు ఇష్టం. ఒక రాత్రి టైగర్ నన్ను గోకి తవ్వి తింది. తెల్లారేసరికి వాంతులు, రక్తవిరేచనాలు.

ఉప్పునీళ్లు తాగిద్దామన్నారు ఎవరో. అది ఇంకో విషం. వాంతి చేయించాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. ఇంటి కోడలు చెక్క సంచితో సహా కుక్కను ఆటోలో పశువుల దవాఖానకు తీసుకుపోయింది. ఏం తిన్నదో తెలిస్తేనే గదా వైద్యం! రిసిన్‌కు విరుగుడు మందు లేదు. సెలైన్లు పెట్టి నిలబెట్టారు.

ఇప్పుడు నాలో మందారం ఉంది, పక్క తొట్టిలో మల్లె. రెండూ కుక్కకు హాని చేయవు. ఎరువు పశువుల పేడే. మొక్కల బండి మీ గేటు దగ్గర ఆగితే ధర అడిగే ముందు ఒక మాట చెప్పండి: ఇంట్లో కుక్క ఉందని.