లిఫ్టు దగ్గర డాక్టరుగారు

కుక్క ఎదురొస్తే డాక్టరుగారు మెట్లదారి పడతారు. కుక్కకి జబ్బు చేసిందంటే మాత్రం అందరికన్నా ముందు వచ్చేదీ ఆయనే. చేసి రిటైరైంది బ్యాంకు ఉద్యోగం. 'డాక్టరు' బిరుదు మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంటు వాళ్లిచ్చింది. ఇలాంటి పెద్దమనిషి లేని అపార్ట్‌మెంటుకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వరనుకుంటా.

మొన్న మూడో అంతస్తు అమ్మాయి హ్యాండ్‌బ్యాగులోంచి వాళ్ల బీగిల్ చూయింగ్ గమ్ లాగి, కాగితాలతో సహా నమిలేసింది. అమ్మాయి కుక్కని చంకనేసుకుని, చెవి దగ్గర ఫోనుతో కిందికి దిగింది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా ఈయన.

"కంగారు పడకమ్మా. ఉప్పునీళ్లు పట్టించు, మొత్తం కక్కేస్తుంది."

ఉప్పు ఎక్కువైతే కుక్కకి మూర్ఛలొస్తాయి. కానీ తన వైద్యం వికటించిందని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు. ఎదుటివాళ్లకి చెయ్యడం చేతకాలేదంతే.

"ఇది షుగర్‌ఫ్రీ అంకుల్," అంది అమ్మాయి, చిరిగిన రేపర్ చూపిస్తూ.

"మరింకేం! నేను రోజూ నమిలేది అదే. నా షుగర్ ఎంత కంట్రోల్లో ఉందో తెలుసా?"

చిక్కంతా అక్కడే. పంచదార గమ్ ఒకటీ అరా మింగితే మర్నాటికో ఎల్లుండికో దాని దారిన అది బయటికొచ్చేస్తుంది. మరీ ఎక్కువైతేనే పేగులో ఉండకట్టే భయం. షుగర్‌ఫ్రీలో జైలిటాల్ ఉంటే కథ మారిపోతుంది. మనకది ఉత్త తీపి. కుక్క ఒంట్లో మాత్రం క్లోమం దాన్ని చక్కెరే అనుకుని ఇన్సులిన్ కుమ్మరిస్తుంది. అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. కిలో బరువుకి 0.1 గ్రాము చాలు. పది కిలోల బీగిల్‌కి ఒక్క గ్రామన్నమాట, కొన్ని రకాల్లో ఒకటి రెండు బిళ్లల్లోనే అంత ఉంటుంది. వాంతులు, తూలడం, ఫిట్స్, మోతాదు మించితే లివరుకే ఎసరు. గమ్ లోంచి మెల్లగా ఊరుతుంది కాబట్టి ఒక్కోసారి గంటల తరబడి ఏమీ కనబడదు.

"చూడు, తోక ఊపుతోందిగా!" అన్నారాయన.

ఫోన్లో వెటర్నరీ డాక్టరు అడుగుతున్నారు: ఏ రకం గమ్, ఎన్ని బిళ్లలు, ఎంతసేపైంది, కుక్క బరువెంత? ఆఖరి ప్రశ్నకి జవాబు ఈయనే అందుకున్నారు. "పదిహేనుంటుంది." "పది," అంది అమ్మాయి. "మీరేమీ కక్కించొద్దు, రేపర్ పట్టుకుని వెంటనే వచ్చెయ్యండి" అన్న మాట స్పీకర్లో అందరికీ వినబడింది. ఈయన బొగ్గుపొడి సంగతి ఎత్తేలోపు (జైలిటాల్ మీద అది పెద్దగా పనిచెయ్యదు) ఆటో గేటు దాటేసింది.

రాత్రంతా గ్లూకోజ్ ఎక్కించాక మర్నాడు బీగిల్ నడుచుకుంటూ ఇంటికొచ్చింది. సాయంత్రం డాక్టరుగారు దానికి నాలుగు మెట్ల దూరంలో నిలబడి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, నేను రోజూ అదే నములుతాను కదా..."

"మనుషులకేం కాదంకుల్."

"నువ్వేమన్నా డాక్టరువా?"