చాక్లెట్ సుంకరి

అట్లాంటాకు ఉత్తరాన ఫోర్‌సైత్ కౌంటీలో, కమింగ్ చుట్టుపక్కల ఏ సబ్‌డివిజన్‌కి వెళ్ళినా ఈయన ఒకరుంటారు. అక్టోబరు 31, హాలోవీన్ సాయంత్రం గరాజ్ తలుపు సగం ఎత్తి, డ్రైవ్‌వేలో మడత కుర్చీ వేసుకుని, పక్కన టీ ఫ్లాస్కు, ఒళ్ళో చాక్లెట్ల గిన్నె పెట్టుకుని కూర్చుంటారు. దారినపోయేవాళ్ళు పంచడానికి కూర్చున్నారనుకుంటారు. ఆయన కూర్చున్నది తనిఖీకి. పూర్వం పొలిమేరలో బళ్ళాపి ఏ ఊరు, ఏం సరుకు అని అడిగిన సుంకరికి ఈయన నేరుగా వారసుడు. కాకపోతే ఈయన ప్రశ్న కాస్త ముద్దుగా ఉంటుంది: "ఏ స్ట్రీట్ నాన్నా?"

గిన్నెలో రెండు అరలు. కాలనీ పిల్లలకి కిట్‌క్యాట్, స్నికర్స్. బయటివాళ్ళకి టూట్సీ రోల్, అదీ ఒక్కటే.

బయటివాళ్ళని పోల్చుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. మలుపులో ఆగిన వ్యాన్లోంచి దిగితే బయటివాళ్ళు. గుమ్మడికాయ బొమ్మ బకెట్ కాకుండా దిండు గలీబు తెస్తే బయటివాళ్ళు. వేషం లేకుండా హుడీ తొడుక్కొస్తే, వెంట వచ్చిన తల్లి స్పానిష్‌లో మాట్లాడితే, పిల్లవాడు ఆయన భుజం దాటి పొడుగుంటే ఇక సందేహమే లేదు. వీటన్నిటికంటే ముందు కంటికి ఆనే గుర్తు ఇంకొకటుంది. అది మాత్రం ఆయన నోట రాదు. అదే దిండు గలీబుతో తెల్ల పిల్లలొస్తే "భలే ఐడియా" అంటారు. ఎవరైనా ఆ తేడా ఎత్తి చూపిస్తే నొచ్చుకుంటారు పాపం. "రేసిజం కాదండీ, బడ్జెట్."

ఆ పిల్లలు ఇక్కడికే ఎందుకొస్తారో కనుక్కోవడానికి పరిశోధన అక్కర్లేదు. హైవే పక్క అపార్ట్‌మెంట్లలో వరండా దీపాలుండవు. ఎకరాల మధ్య విసిరేసినట్టుండే ఇళ్ళకి కాలిబాట ఉండదు. ఇక్కడ ఇల్లు వదిలితే ఇల్లు, వీధి దీపాలు, నెమ్మదిగా పోయే కార్లు. ఈ పండగకున్న నియమం కూడా ఒక్కటే: గుమ్మం ముందు దీపం వెలుగుతుంటే రావచ్చు. చిరునామా రుజువు ఎవరూ అడగరు, ఈయన తప్ప.

పోనీ ఇంటింటికీ తిరగడం ఎరగని మనిషా అంటే, అదీ కాదు. తెనాలి దగ్గర పల్లెలో పుట్టినవాడు. దసరా వచ్చిందంటే బడి పంతులుగారి వెనక గిలకలు పట్టుకుని, పాటలు పాడుకుంటూ గడప గడపా ఎక్కినవాడు. పంతులుగారికి మామూలు, పిల్లలకి పప్పుబెల్లాలు. "పక్క ఊరికి కూడా పోయేవాళ్ళమండీ! కామందు గారింట్లో కొబ్బరి ముక్క కూడా పెట్టేవారు. ఎవరబ్బాయివని అడిగిన పాపాన పోలేదు ఆ మహాతల్లి." ఈ కథ ఏటా అదే కుర్చీలో కూర్చుని చెబుతారు, కళ్ళు చెమరుస్తాయి కూడా. చెబుతూనే ఎదురుగా నిలబడ్డ పిల్లవాడి చేతిలో కిట్‌క్యాట్ వెనక్కి తీసుకుని టూట్సీ రోల్ పెడతారు.

మొన్నటి ఏడు ఒక నల్ల కుర్రాడొచ్చాడు. పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. నల్ల మాస్కు, మెడలో వెండి రంగు పులిగోళ్ళ హారం. ఆయన మామూలుగానే అడిగారు. కుర్రాడు మాస్కు తీయకుండా గంభీరంగా "వకాండా" అన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి భార్య వైపు తిరిగారు. "వకాండా ఏ ఫేజ్‌లో ఉందే? ఫేజ్ త్రీయా?" కూతురు నవ్వు ఆపుకోలేక ఇంట్లోకి పరిగెత్తింది. "ఫేజ్ త్రీయేనండీ, చెరువు పక్కది," అని ఆవిడ కుర్రాడికి రెండు చేతులతో కిట్‌క్యాట్లు పోశారు. వకాండా సినిమాలోని రాజ్యమని ఆవిడకి తెలుసు.

తన పిల్లలు తెచ్చుకున్నవాటి మీదా ఆయనకి నమ్మకం లేదు. ఒక్కొక్క రేపర్ టార్చిలైటు కింద పెట్టి చూస్తారు. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లవాడు హాలోవీన్ రాత్రి సైనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజమే. కలిపింది పరాయివాడు కాదు, బీమా డబ్బు కోసం కన్నతండ్రే. ఈ ముక్క చెబితే ఆయన "అమెరికావాళ్ళింతే" అంటారు. పాస్‌పోర్టు ప్రకారం ఆయనా అమెరికావాడే.

ఇల్లు కొన్నప్పుడు ఆయన బడి రేటింగు చూశారు, ఈశాన్యం చూశారు, వంటింటి దిక్కు చూశారు. కౌంటీ చరిత్ర చూడలేదు. 1912లో ఒక తెల్ల యువతి హత్య తర్వాత ఇక్కడ ఒక నల్లవాణ్ణి గుంపు చంపి వేలాడదీసింది, ఇద్దరు కుర్రాళ్ళని ఉరితీశారు. రాత్రుళ్ళు గుంపులొచ్చి ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టి దాదాపు 1,100 మంది నల్లవారిని కౌంటీ దాటించాయి. డెబ్భై ఏళ్ళు దాటినా ఇక్కడ దాదాపుగా నల్ల ముఖం కనబడలేదు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ వెంట కొద్దిమంది ఊరేగింపుగా వస్తే రాళ్ళూ సీసాలూ పడ్డాయి. వారం తిరిగేసరికి 20,000 మంది దాకా వచ్చి అదే దారిన నడిచారు. ఇదంతా కూతురు ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పింది.

"అప్పటికి మనం లేం కదమ్మా," అన్నారాయన.

"ఉంటే మనల్ని రానిచ్చేవాళ్ళా నాన్నా?"

ఆయన పెరుగు అడిగారు.

రాయిలాంటి మనిషని కాదు. 2017లో కాన్సాస్‌లో తెలుగు ఇంజినీరు శ్రీనివాస్ కూచిభొట్లని 'మా దేశం నుంచి పొండి' అంటూ కాల్చి చంపినప్పుడు చలిలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డారు, ఏడ్చారు. ఆ దుఃఖం అబద్ధమని నేననను. దానికీ టూట్సీ రోల్‌కీ సంబంధముందని మాత్రం ఆయనకి ఎవరూ చెప్పలేకపోయారు.

అన్నట్టు, పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఈయన వాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళేవారనుకున్నారు? గోల్ఫ్ కోర్సు ఉన్న పెద్ద కాలనీకి. అక్కడ ఫుల్ సైజు చాక్లెట్లిస్తారు. వ్యాన్ మలుపులో ఆపి తాను లోపలే కూర్చునేవారు, పిల్లలు దిండు గలీబులతో దిగేవారు.

ఈసారి ఎనిమిది కాకముందే గిన్నె ఖాళీ అయింది. కాలనీ వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక పెట్టారు: "తెల్ల హోండా వ్యాన్. ఆరుగురు పిల్లలు. మనవాళ్ళు కాదు." రెండో నిమిషంలో జవాబొచ్చింది: "బావా, అది నా బండే." ఆల్ఫరెట్టాలో ఉండే బామ్మర్ది.

ఆ దెబ్బతో వ్యవస్థే మార్చాలని నిర్ణయించుకున్నారు. వచ్చే ఏడు నుంచి పిల్లలందరికీ చేతికి పట్టీలు, పట్టీ లేనివాళ్ళకి చాక్లెట్ లేదు. కాలనీ సంఘం మీటింగులో చెబితే అధ్యక్షురాలు, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్న పెద్దావిడ, "ఆ జాబితా మీరే రాయండి" అని వదిలించుకున్నారు. ఆయన మహదానందపడ్డారు. రాయడం మొదలుపెట్టారు. కాలనీ పిల్లల పేర్లు ఒక పూటలో అయిపోయాయి. తర్వాత బామ్మర్ది పిల్లలు ఆరుగురు, ప్రత్యేక అనుమతి మీద. ఆఫీసు మేనేజరు పిల్లలు ఇద్దరు. గుడి పూజారిగారి అబ్బాయి. తెలుగు సంఘం కోశాధికారి మేనకోడళ్ళు. తిరుమల బ్రేక్ దర్శనానికి ఎన్నో సిఫారసు ఉత్తరాలు రాయించుకున్న మనిషి, ఎవర్నీ కాదనలేకపోయారు. వారం తిరిగేసరికి బయటివాళ్ళ జాబితా లోపలివాళ్ళ జాబితాని దాటిపోయింది.

నిన్న ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. అట్టడుగున భార్య చేతిరాతలో ఇంకో వరస చేరింది: వకాండా, నలుగురు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, ఇంటి నంబరు రాయలేదేమని కసురుకున్నారు.