టమాటా నారు, సలహాల పోరు

టమాటా నాటడానికి పాతిక, ముప్పై రోజుల నారు కావాలి. జానెడు ఎత్తు, గట్టి కాండం, నాలుగైదు ఆకులు ఉంటే చాలు. పొడుగ్గా సాగి వాలిపోయే నారు వెలుతురు చాలక పెరిగినది. నర్సరీలో మాత్రం ‘భలే ఏపుగా ఉంది సార్’ అంటూ దాన్నే చేతిలో పెడతారు. ఆకుల అడుగున తెల్లదోమ ఉచితం.

మిద్దె తోటలో పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క మొక్కే నియమం. పక్కన ఖాళీ చూడలేక ఇంకో మూడు గుచ్చడం ఆచారం. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ కలిపి, ఎండ తగ్గాక సాయంత్రం నాటాలి. కింది ఆకులు గిల్లేసి, కాండాన్ని లోతుగా దించి పాతాలి. మట్టిలో ఉన్న కాండం పొడవునా కొత్త వేళ్ళు పుడతాయి. ఊతకర్ర ఆ రోజే గుచ్చాలి. తర్వాత గుచ్చితే తెగేది వేళ్ళే.

మొదటి రెండు మూడు రోజులు నారు తల వాల్చడం మామూలే. అసలు చీడ అప్పుడే మెట్లెక్కి వస్తుంది. పై ఫ్లాట్ పెద్దాయన మట్టిలో వేలు పెట్టి నీళ్ళు ఎక్కువయ్యాయంటారు. ఆ వెనకే వచ్చిన పిన్నిగారు అదే గుంటలో వేలు పెట్టి తక్కువయ్యాయంటారు. ఇద్దరూ ఏకీభవించేది కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకులు వేయాలన్న దగ్గరే. పెంకులు కడగాలి, ఎండబెట్టాలి, పొడి చేయాలి. శాకాహారుల ఇంట్లో గుడ్డు ఎక్కడిది? పక్కింటి ఆమ్లెట్ మీద నిఘా వేయాలి. దొరికిన పెంకుల్ని మిక్సీలో వేస్తే, ‘చట్నీ చేసే జార్‌లోనా!’ అని అత్తగారి గర్జన. దాంతో కొత్త జార్ కొనాలి. ఆ డబ్బుతో ఎన్ని కిలోల టమాటాలు వచ్చేవో లెక్క వేయకపోవడమే కాపురానికి మంచిది. ఇంతా చేస్తే ఆ పెంకు మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. ఈలోగా కాపే అయిపోతుంది. కాయ అడుగు నల్లబడి కుళ్ళడానికి కాయకు కాల్షియం అందకపోవడమే కారణమన్నది నిజమే. కానీ కుండీల్లో చాలాసార్లు తప్పు మట్టిలోని కాల్షియానిది కాదు, ఒకరోజు ముంచి మర్నాడు ఎండబెట్టే నీళ్ళ పద్ధతిది. ఈ మాట పిన్నిగారితో అనగలిగినవాళ్ళు ఇంతవరకు కనిపించలేదు.

మిద్దె మీద తొలి కాయకు ఫొటో తీస్తారు. పొలం టమాటా కథ వేరు. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు టమాటా మీద దేశమంతా జోకులు వేసింది. కోత కూలీ కూడా గిట్టక మదనపల్లె వైపు రైతులు పంటను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. అప్పుడు జోకులు రాలేదు. ఆ రైతు నాటేదీ ఈ నారే, పోరాడేదీ ఈ తెల్లదోమతోనే.

తెల్లదోమ కోసం మొక్కల మధ్య పసుపు రంగు జిగురు అట్టలు కట్టాలి. వేపనూనె లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్లు కలిపి, కాస్త సబ్బునీళ్ళు చేర్చి, ఆకుల అడుగున తగిలేలా చల్లాలి. ఆ దోమ మోసుకొచ్చే ఆకుముడత వైరస్‌కు మాత్రం మందు లేదు. సోకిన మొక్కను పీకి దూరంగా పారేయాల్సిందే.